మిర్చి రైతు కూతురి అమెరికా వీసా: చూపించే డబ్బు ఎవరిదై ఉండాలి?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ప్రత్తిపాడు దగ్గరి ఊళ్లో తొమ్మిది ఎకరాల్లో మిర్చి, పత్తి వేసే రైతు గారి అమ్మాయి కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేసింది. టెక్సాస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌కు సీటు వచ్చింది. వీసా దరఖాస్తుకు అవసరమైన ఐ-20 అనే ప్రవేశ పత్రం పంపాలంటే మొదటి ఏడాది ఖర్చు 34,000 డాలర్లకు ఆధారం చూపమని వారు అడిగారు. విజయవాడ బెంజిసర్కిల్ దగ్గరి ఒక కన్సల్టెన్సీ వారు మాత్రం "మీ పొలం కాగితాలు పనికిరావు, ఖాతాలో 35 లక్షలు మేమే వేయించి చూపిస్తాం, దానికి ఇంత శాతం ఇవ్వండి, ఆరు నెలల నుంచి నిల్వ ఉన్నట్టు స్టేట్‌మెంట్ కూడా ఇప్పిస్తాం, డాలస్‌లో ఉన్న మేనమామ సంగతి ఎక్కడా చెప్పవద్దు, ఫారాలన్నీ మేమే నింపుతాం" అంటున్నారు. దీనికి ఒప్పుకోవచ్చా అన్నది ప్రశ్న. చివర్లో, తన భార్యకు పసుపు కుంకుమల కింద పుట్టింటివారు ఇచ్చిన 300 గజాల స్థలం గోరంట్లలో ఉందని, అవసరమైతే దాన్ని అమ్మేస్తామని ఒక్క వాక్యం రాశారు.

అయ్యా, మీరు చివర్లో తేల్చేసిన ఆ ఒక్క వాక్యంతోనే నా సమాధానం మొదలుపెడతాను. ఆ స్థలం అమ్మవద్దు. మీ అమ్మాయి చదువుకు కావలసిన ఆధారం చాలావరకు అందులోనే ఉంది, కన్సల్టెన్సీ వారికి కట్టబోయే శాతంలో లేదు. గుంటూరులో బ్యాంకు విద్యారుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి ఈ మాట కొంత నమ్మకంతోనే చెప్పగలుగుతున్నాను.

మీ పొలం కాగితాలు పనికిరావని వారు చెప్పినదాంట్లో సగం నిజముంది. తొమ్మిది ఎకరాలున్న రైతుకు బ్యాంకు చదువుల అప్పు ఎందుకివ్వదని చాలామంది నొచ్చుకుంటారు. దానికి కారణం మేనేజరు మనస్తత్వం అనుకుంటారు గానీ, అసలు కారణం చట్టంలో ఉంది. బాకీ వసూలు కాకపోతే కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చినది 2002 నాటి సర్ఫేసీ చట్టం. అందులోని 31వ సెక్షను వ్యవసాయ భూమిని ఆ అధికారం నుంచి తప్పించింది. అందువల్ల పంట రుణానికి అదే భూమిని ఆనందంగా తీసుకునే బ్యాంకు, పెద్ద మొత్తపు విద్యారుణం దగ్గరకు వచ్చేసరికి ఇల్లు, ఫ్లాటు, ఇళ్ల స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వంటివి అడుగుతుంది. ఊళ్లోని మీ ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఉమ్మడి నివాస స్థలంలో ఉండి, తాతల నాటి నుంచి అనుభవంలో ఉన్నదే తప్ప రిజిస్టరు దస్తావేజు లేకపోతే అదీ తనఖాకు నిలవడం కష్టం. ఇక మిగిలింది మీ ఇంటావిడ గారి స్థలమే.

ఆ స్థలానికి సంబంధించి మీరు ఇప్పుడే బయటకు తీయవలసినవి, ఆమె పేరున పుట్టింటివారు రాసిన రిజిస్టరు దాన సెటిల్‌మెంట్ దస్తావేజు, అంతకు ముందు ఆ స్థలం వారికి ఎలా వచ్చిందో చెప్పే లింకు డాక్యుమెంట్లు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీ (స్థలం మీద అప్పులు, లావాదేవీలు ఉన్నదీ లేనిదీ చెప్పే పత్రం), లేఅవుట్‌కు ఆమోదం ఉన్నట్టు ఆధారం, అది లేకపోతే క్రమబద్ధీకరణ రశీదు. పసుపు కుంకుమల ఆస్తులతో ఒక చిక్కు పదే పదే కనిపిస్తుంది. ఒక ఫైలులో కూతురికి తండ్రి రాసిన దస్తావేజు చక్కగా రిజిస్టరై ఉంది, ఈసీలో ఏ అప్పూ లేదు, విలువ కట్టే ఇంజనీరు కూడా మంచి ధరే వేశారు. కానీ ఆ తండ్రికి స్థలం వచ్చినది అన్నదమ్ముల నోటిమాట పంపకంలో, ఒక తెల్ల కాగితం మీద పెద్దమనుషుల సంతకాలతో. బ్యాంకు న్యాయవాది ఆ ఒక్క కాగితం దగ్గర ఆగిపోయారు. పెదనాన్నలు, చిన్నాన్నలు, వారి వారసులు కలిసి హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేసి ఇచ్చేదాకా అప్పు మంజూరు కాలేదు, ఆ లోగా సీటు తరువాతి సెమిస్టరుకు వాయిదా పడింది. మీ విషయంలో అలా జరగకుండా ఉండాలంటే, బ్యాంకుకు వెళ్లకముందే తెలిసిన న్యాయవాదికి ఆ కాగితాలన్నీ చూపించి, లోటు ఉంటే మీ బావమరిది డాలస్ నుంచి వచ్చి సంతకం చేయవలసి వస్తుందా, అక్కడి నుంచే పవర్ ఆఫ్ అటార్నీ పంపితే సరిపోతుందా అన్నది ఈ వారంలోనే తేల్చుకోండి.

ఎంత అప్పు అడగాలన్నది తరువాతి మాట. లెక్క కోసం డాలరు 90 రూపాయలు అనుకుంటే 34,000 డాలర్లు 30 లక్షల 60 వేలు అవుతాయి. ఐ-20 కోసం విశ్వవిద్యాలయం అడిగేది మొదటి ఏడాదికే అయినా, చదువు రెండేళ్లు కాబట్టి అప్పు దరఖాస్తు కోర్సు మొత్తానికి పెట్టండి, వీసా కిటికీ దగ్గర "రెండో ఏడాది సంగతి ఏమిటి?" అని అడిగినప్పుడు మీ అమ్మాయి తడుముకోనక్కర లేకుండా ఉంటుంది. ప్రభుత్వ రంగ బ్యాంకులు ఎక్కువగా అనుసరించే ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా పథకం ప్రకారం, విదేశీ చదువుకు ఖర్చులో 15 శాతం కుటుంబం భరించాలి, ఏడున్నర లక్షలు దాటితే తనఖా అవసరం, కోర్సు కాలంతో పాటు తరువాత ఒక ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. అప్పు మీ అమ్మాయి పేరున, మీరు సహ రుణగ్రహీతగా, స్థలం యజమాని అయిన మీ ఇంటావిడ గారు హామీదారుగా ఉంటారు. తనఖా లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలూ ఉన్నాయి, త్వరగానూ ఇస్తాయి, కానీ వడ్డీ ఎక్కువ, పైగా అవి సహ రుణగ్రహీత జీతం స్లిప్పులనో ఆదాయపు పన్ను రిటర్నులనో చూసి ఇస్తాయి కాబట్టి రైతుకు అక్కడ పెద్దగా పని జరగదు.

బ్యాంకు ఇచ్చే కాగితంలోనూ తేడా ఉంది. దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకే ఇచ్చే సూత్రప్రాయ అంగీకార పత్రం వేరు, న్యాయాభిప్రాయం, విలువ నిర్ధారణ రెండూ పూర్తయ్యాక ఇచ్చే మంజూరు పత్రం వేరు. మొదటిదాన్ని కొన్ని విశ్వవిద్యాలయాలు ఐ-20 కోసం ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు; ఇంటర్వ్యూ నాటికి మాత్రం రెండోది చేతిలో ఉండాలి. మంజూరైనంత మాత్రాన డబ్బు మీ ఖాతాలో పడదు. తనఖా పూర్తయ్యాక, వీసా వచ్చాక, సెమిస్టరుకు ఇంతని విశ్వవిద్యాలయానికే నేరుగా పంపుతారు. వీసా రాకపోతే అప్పు వాడుకోకుండా వదిలేయవచ్చు, ప్రాసెసింగ్ రుసుము, న్యాయవాది ఫీజు వంటివి మాత్రం పోతాయి. స్థలం మాత్రం మీదిగానే ఉంటుంది.

అప్పు పోను మీరు చూపవలసిన వాటా, మీరనుకుంటున్నంత పెద్దది కాదు, దానికి మీ పంట డబ్బే చాలు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేకపోవడంతో చాలామంది రైతుల దగ్గర ఆదాయం ఉన్నట్టు చెప్పే కాగితమే ఉండదు, లేదా ఉన్నా దాన్ని కాగితంగా లెక్కవేయరు. మీరు గుంటూరు మిర్చి యార్డులో అమ్మినప్పుడు కమీషన్ వ్యాపారి ఇచ్చిన పట్టీలు ఉంటాయి కదా, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ రకం, ఎంత తూకం, క్వింటాలు ఏ ధర, హమాలీ, కమీషన్ పోను చేతికి ఎంత అన్నది వాటి మీద రాసి ఉంటుంది. గత మూడేళ్ల పట్టీలు తీసి తేదీల వారీగా పెట్టండి. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడిన తేదీలు వాటికి సరిపోతే, చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే ఏ సర్టిఫికెట్టు కన్నా అవి బలమైనవి. కోల్డ్ స్టోరేజీలో ఇంకా సరుకు ఉంటే ఆ బాండ్ల నకళ్లు, మీ పేరున 1బి, అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డులు), పట్టాదారు పాసుపుస్తకం జత చేయండి. భూమి అప్పుకు తనఖాగా పనికిరాకపోయినా కుటుంబ ఆస్తిగా, ఆదాయానికి మూలంగా చూపడానికి పూర్తిగా పనికొస్తుంది. కన్సల్టెన్సీ వారు మింగేసిన సగం ఇదే. ఒక ఏడాది బాగా తగ్గినట్టు కనిపిస్తుందని కంగారుపడవద్దు. మార్కెట్ జోక్య పథకం కింద 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చేంతగా మిర్చి ధర పడిపోయిన సంగతి కొత్తగా నిరూపించవలసినది కాదు. అన్ని ఏళ్లూ ఒకే అంకె ఉన్న రైతు ఆదాయమే నిజానికి అనుమానం పుట్టిస్తుంది. ఇదే కారణంతో, మూడేళ్ల రిటర్నులు ఒకేసారి వేయిస్తామనే వారిని దూరం పెట్టండి, దాఖలు చేసిన తేదీ ప్రతి రశీదు మీదా అచ్చయి ఉంటుంది.

ఇప్పుడు ఆ 35 లక్షల సంగతి. మన దగ్గర దీన్ని "ఫండ్ షో" అంటారు. పద్ధతి ఎలా ఉంటుందంటే, మీ పేరునో అమ్మాయి పేరునో ఒక ఖాతా తెరిపించి, చెక్కుబుక్కు మీద ముందే సంతకాలు తీసుకుని, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు తమ దగ్గర ఉంచుకుని, ఎవరిదో డబ్బు అందులో వేసి, బ్యాంకు నుంచి నిల్వ సర్టిఫికెట్టు తెచ్చుకోగానే తీసేస్తారు. డబ్బు నిజంగానే ఖాతాలో ఉంది కదా, తప్పేమిటని వాదిస్తారు. తప్పు ఏమిటంటే ఆ డబ్బు చదువుకు ఉందని మీరు చెబుతున్నారు, అది చదువుకు లేదు. ఇక ఆరు నెలల పాత నిల్వలా కనిపించే స్టేట్‌మెంట్ అన్నది వాదనకు కూడా నిలవదు, అది నకిలీ పత్రం. అమెరికా వలస చట్టం 212వ సెక్షను ప్రకారం మోసంతోనో, తెలిసి అబద్ధం చెప్పో వీసా కోసం ప్రయత్నించినట్టు తేలితే ఆ మనిషికి ఆ దేశపు తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది, దాన్ని మళ్లీ తెరిపించుకోవడం అరుదైన విషయం. మామూలుగా వీసా నిరాకరిస్తే మళ్లీ రుసుము కట్టి వెళ్లవచ్చు; ఇది అలాంటిది కాదు. మచ్చ పడేది స్టేట్‌మెంట్ తయారు చేసినవారి మీద కాదు, ఇరవై రెండేళ్ల పిల్ల మీద. ఇంకో సంగతి, 35 లక్షలు మీ పాన్ మీద వచ్చి పోయినట్టు ఎప్పుడైనా ఆదాయపు పన్ను శాఖ అడిగితే జవాబు చెప్పవలసింది కూడా మీరే.

పాత నిల్వ ఉండాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను, ఎందుకంటే కన్సల్టెన్సీల్లో అన్ని దేశాల నిబంధనలూ కలగలిపి మాట్లాడటం మామూలు. బ్రిటన్ విద్యార్థి వీసాకు చూపే డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఆ ఖాతా విద్యార్థిదో తల్లిదండ్రులదో చట్టబద్ధ సంరక్షకులదో అయి ఉండాలి, మేనమామది చెల్లదు. జర్మనీకి, నెలకు ఇంతని మాత్రమే తీసుకోగల బ్లాక్డ్ అకౌంటులో ముందే డబ్బు వేయాలి. అమెరికాకు ఇన్ని రోజుల నిల్వ అనే లెక్క లేదు, ఖర్చు పెట్టేది ఎవరు, ఎలా అన్నది అధికారికి నమ్మకం కలిగితే చాలు. మేనమామ కూడా ఖర్చు భరించవచ్చు.

ఆ మేనమామ విషయానికి వస్తే, దాచడం అనవసరం, ప్రమాదం కూడా. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో దగ్గరి బంధువులు అమెరికాలో ఉన్నారా అని అడిగే ప్రశ్నకు అర్థం భర్త లేదా భార్య, పెళ్లి కుదిరినవారు, పిల్లలు, తోబుట్టువులు. తల్లిదండ్రుల గురించి విడిగా అడుగుతారు. మేనమామ ఆ జాబితాలోకి రారు కాబట్టి అక్కడ లేదనే రాయాలి. దాని వెంటే, ఇతర బంధువులు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న వస్తుంది, అక్కడ ఉన్నారని రాయాలి. ఫారం అంతవరకే అడుగుతుంది. అమెరికాలో బంధువు లేని తెలుగు కుటుంబాన్ని వెతకవలసిన ఈ రోజుల్లో ఉన్నారని రాసినందుకు వీసా పోదు. లేరని రాసి, చేరవలసిన ఊరు కూడా టెక్సాసే అయినప్పుడు, దిగాక ఎక్కడ ఉంటావన్న ఒక్క ప్రశ్నకు నిజం బయటపడితే పోతుంది.

అందుకే ఫారం మీ అమ్మాయే నింపాలని నా సలహా. బీటెక్ చదివిన పిల్లకు అది కష్టం కాదు, ఓపిక కావాలి అంతే. తన సొంత ఈమెయిలు, తన ఫోను నంబరు వాడాలి. ఇంటర్వ్యూ తేదీ తీసుకునే వెబ్‌సైటులో కన్సల్టెన్సీ ఈమెయిలుతో ఖాతా తెరిస్తే తరువాత తేదీ మార్చుకోవాలన్నా వారి కాళ్లావేళ్లా పడాలి. ఎవరి సాయమైనా తీసుకుంటే, ఫారం నింపడంలో ఎవరైనా సహాయం చేశారా అన్న ప్రశ్న దగ్గర ఆ విషయం రాయాలి, సంతకం మాత్రం తానే చేయాలి. గత ఐదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలి కూడా. వరుస ఇది: ఐ-20 వచ్చాక 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) రుసుము, డీఎస్-160, 185 డాలర్ల వీసా రుసుము, ఆ తరువాత ఇంటర్వ్యూ తేదీ. ఈ రుసుములు మారుతూ ఉంటాయి, కట్టే ముందు అధికారిక వెబ్‌సైటులోనే చూసుకోండి. తేదీ తీసుకున్న ఖాతాలోని డీఎస్-160 నంబరూ, చేతిలోని ధ్రువీకరణ పత్రం నంబరూ ఒకటే అయి ఉండాలి. తప్పు దిద్దడానికి కొత్త ఫారం నింపి, ఖాతాలో పాత నంబరు అలాగే వదిలేసి హైదరాబాదు దాకా వెళ్లి తిరిగి వచ్చేవారు ప్రతి సీజనులోనూ ఉంటారు.

పేరు సంగతి మీరు అడగలేదు గానీ, మన జిల్లాల్లో పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మామూలే. ఐ-20, డీఎస్-160, రుసుము రశీదు అన్నీ పాస్‌పోర్టు ప్రకారం ఉంటే చాలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే మాత్రం విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఇప్పుడే సరిచేయించండి. లేకపోతే వీసా మీద ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు అని అర్థం) అనే మూడు అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు నుంచి బ్యాంకు ఖాతా దాకా అవే వెంటపడతాయి.

ఇంటర్వ్యూ హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటులో జరుగుతుంది, వేలిముద్రలు, ఫొటో అంతకు ముందే వేరే కేంద్రంలో తీసుకుంటారు. మాట్లాడేది రెండు మూడు నిమిషాలే, తెచ్చిన ఫైలు అధికారి తెరవకపోవచ్చు. అందువల్ల కాగితాల్లో ఉన్న నిజం అమ్మాయి నోట రావాలి. మీ చదువుకు ఖర్చు ఎవరు పెడుతున్నారని అడిగితే, కన్సల్టెన్సీల్లో బట్టీ పట్టించే జవాబు "మా నాన్నగారు వ్యాపారవేత్త, వార్షికాదాయం ఇంత, పొదుపు ఇంత" అని. ఒకే గదిలో నేర్చుకున్న పదిమంది ఒకే ఉదయం అదే స్వరంలో అప్పజెబుతారు. మీ అమ్మాయి చెప్పవలసింది, "మా నాన్న తొమ్మిది ఎకరాల్లో మిర్చి, పత్తి పండిస్తారు. అమ్మ పేరున ఉన్న స్థలం తనఖా పెట్టి ఇంత అప్పు మంజూరైంది, మిగిలింది పంట డబ్బు" అన్నదే. తేజ రకం మిర్చి క్వింటాలు ఎంత పలుకుతోందని అధికారి కుతూహలం కొద్దీ అడిగినా ఆమె చెప్పగలదు కదా! ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు, ఏ సబ్జెక్టులు చదువుతావు అన్న ప్రశ్నలకూ ఆమె సొంత మాటలే కావాలి. అప్పు ఎలా తీరుస్తావంటే అక్కడ పార్ట్‌టైమ్ చేసి అనకూడదు. సెమిస్టరు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి వీలులేదు, దానితో ఫీజులు కట్టడం జరిగే పని కాదని అధికారికి బాగా తెలుసు.

అన్నీ సరిగ్గా ఉన్నా అదే అమెరికా వలస చట్టం 214(బి) సెక్షను కింద నిరాకరించవచ్చు. వలసకు వస్తున్నారన్న అనుమానంతోనే ప్రతి దరఖాస్తునూ చూడాలని ఆ సెక్షను అధికారికి చెబుతుంది, అది తప్పని చూపే బరువు మన మీద ఉంటుంది. దానికి అప్పీలు లేదు, మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. 221(జి) అని కాగితం ఇస్తే మరికొన్ని పత్రాలో పరిశీలనో కావాలన్నమాట, అది తుది నిరాకరణ కాదు. రెండు కాగితాలనూ కలిపేసి ఇంట్లో కూర్చున్నవాళ్లను ఏడిపించవద్దని అమ్మాయికి ముందే చెప్పి పంపండి.

ఇక డబ్బు పంపేటప్పుడు, ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన సొంత సొమ్ము మీద బ్యాంకు మూలంలో పన్ను వసూలు చేస్తుంది, దాన్ని రిటర్ను వేసి తిరిగి పొందవచ్చు. గుర్తింపు పొందిన సంస్థ నుంచి తెచ్చిన విద్యారుణానికి 2025 ఏప్రిల్ నుంచి ఆ వసూలు లేదు. బ్యాంకు అప్పు వైపు మొగ్గడానికి ఇదొక అదనపు కారణం. విమానం టిక్కెట్టు పాస్‌పోర్టు వీసాతో చేతికి వచ్చాకే తీయండి, అదీ ఐ-20లోని కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజుల లోపు దిగేలా చూసి. అంతకు ముందు దిగితే విద్యార్థి వీసా మీద లోపలికి రానివ్వరు.